జూన్‌లో కూడా హ్యామక్‌లో వీపు కింద చలి! స్ప్రింగర్ మౌంటెన్ దగ్గర ఒక రాత్రికి సలహా కావాలి

కమ్మింగ్ రైతుబిడ్డ:

అందరికీ నమస్తే. మేముండేది అట్లాంటాకి ఉత్తరాన, కమ్మింగ్‌లో. మావాడికి పన్నెండేళ్లు. స్కూలుకి సెలవులిచ్చిన రోజు నుంచి ఒకటే పోరు, అడవిలో రాత్రి పడుకోవాలని. టెంట్ వద్దట, రెండు చెట్ల మధ్య గుడ్డ ఉయ్యాలలా కట్టే హ్యామకే కావాలట. ఎవరో ఫ్రెండు వాళ్ల నాన్నతో వెళ్లొచ్చాడట. ఇక నాకు తప్పుతుందా?

రెండు హ్యామక్‌లు, దోమతెరలు, వాన పడకుండా పైన కట్టుకునే టార్ప్‌లు కొన్నాను. అడవికి వెళ్లేముందు ఒకసారి పెరట్లో పడుకుని చూద్దామని మొన్న శుక్రవారం ఒక కొస ఓక్ చెట్టుకి, ఇంకో కొస డెక్ (ఇంటి వెనక చెక్క అరుగు) స్తంభానికి కట్టాను. మొదట మరీ కిందికి వేలాడింది. నేను 84 కిలోలు, నేలకి తగులుతానేమోనని భయపడి బట్టలారేసే తీగలా బిగించాను. పడుకుంటే భుజాలు రెండూ గుడ్డ మధ్య నొక్కుకుపోయి, సంచిలో వంకాయలా అయింది నా పరిస్థితి. సరే, అదీ ఓర్చుకున్నాను. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చింది. పైన కప్పుకున్న స్లీపింగ్ బ్యాగ్‌లో ఛాతీ మీద చెమట, కింద వీపు మాత్రం మంచుగడ్డ మీద పెట్టినట్టు. ఫోన్‌లో చూస్తే 66 ఫారెన్‌హీట్, అంటే 19 సెల్సియస్. 66కే ఇలా అయితే కొండ మీద మా గతేంటి?

మా అమ్మ తెనాలి నుంచి వచ్చి ఆరు నెలలుంటోంది. పొద్దున్నే కాఫీ గ్లాసుతో పెరట్లోకి వచ్చి హ్యామక్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది చీర ఉయ్యాలే కదరా, దీనికి అంత డబ్బు పోశావా?" అంది. వీపు చలి సంగతి చెప్పాను. "చంటిపిల్లని చీర ఉయ్యాల్లో వేసేటప్పుడు అడుగున బొంత మడత వెయ్యకుండా వేస్తామా ఎక్కడన్నా? ఆ మాత్రం తెలియకుండానే ఇంతవాడివయ్యావా" అని లోపలికెళ్లి, ఆవకాయ సీసాలు పగలకుండా సూట్‌కేసులో చుట్టి తెచ్చిన పాత చీరల బొంత పట్టుకొచ్చి చేతిలో పెట్టింది. బాత్రూమ్ స్కేలు మీద తూస్తే రెండు కిలోల పైనే ఉంది.

ప్లాన్ ఇది. జూన్ ఆఖరి శనివారం ఫారెస్ట్ రోడ్ 42 మీద కారు పెట్టి, మైలు నడిచి, అపలాచియన్ ట్రెయిల్ అనే పొడవాటి కాలిబాట మొదలయ్యే స్ప్రింగర్ శిఖరం ఎక్కి, వెనక్కి దిగి, కారు దాటి ఇంకో 1.8 మైళ్లు ఆ ట్రెయిల్ మీదే నడిచి స్టోవర్ క్రీక్ షెల్టర్ (నడిచేవాళ్లు తలదాచుకునే చెక్క పాక) దగ్గర రాత్రి పడుకోవడం. బొంత మోసుకెళ్లాలా? పులిహోర పట్టుకెళ్లొచ్చా? మా ఆవిడకి ఎలుగుబంట్లంటే టెన్షన్. ఆవిడకి నచ్చేలా చెప్పగలిగేవాళ్లుంటే ఇంకా మంచిది.

రోడో పూలు:

అండీ, ముందు మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పండి. ఈ దేశంలో సగం మంది మొదటిసారి చలికి వణికాక గానీ తెలుసుకోని సంగతి ఆవిడ కాఫీ తాగుతూ చెప్పేశారు.

స్లీపింగ్ బ్యాగ్ వెచ్చగా ఉండేది దాని గుడ్డ వల్ల కాదు, లోపలి దూదిలాంటి పొరలో నిలిచిన గాలి వల్ల. నేల మీద పడుకుంటే కింద మ్యాట్ ఉంటుంది కాబట్టి సరిపోతుంది. ఉయ్యాలలో మీ 84 కిలోలూ బ్యాగ్ అడుగుభాగాన్ని నొక్కేసి అందులోని గాలినంతా పిండేస్తాయి. ఆ పలచని గుడ్డ కింద నుంచి గాలి వీస్తూ ఒంట్లో వేడిని ఎప్పటికప్పుడు పట్టుకుపోతుంది. 70 దిగిందంటే చాలామందికి కింద ఏదో ఒకటి ఉండాల్సిందే. నేనైతే ఆగస్టులో కూడా తీసుకెళ్తాను.

దానికి రెండు దారులు. చవకది, కారులో ఎండ అడ్డుకి వాడే పలచటి ఫోమ్ లాంటి క్యాంపింగ్ మ్యాట్ లోపల పరుచుకోవడం. పనిచేస్తుంది, కానీ రాత్రంతా మీరొక వైపు, అదొక వైపు. రెండోది అండర్‌క్విల్ట్. హ్యామక్‌కి *బయట*, అడుగున వేలాడదీసే బొంత. మీ బరువు దాని మీద పడదు కాబట్టి నలగదు. ఆలోచన మీ అమ్మగారిదే, బట్ట మాత్రం వేరు. నూలు బొంత తడిస్తే వెచ్చదనం పోతుంది, ఆరదు, బరువు రెట్టింపవుతుంది. ఉత్తర జార్జియాలో జూన్ సాయంత్రమంటే ఉరుముల వాన దాదాపు ఖాయం. కాబట్టి బొంత ఇంట్లోనే ఉంచండి.

సంచిలో వంకాయ సంగతి: మీరు గుడ్డ పొడవునా తిన్నగా, అరటిపండులా వంగి పడుకున్నారు. తల కొంచెం కుడికి, కాళ్లు కొంచెం ఎడమకి పెట్టి ఐమూలగా పడుకోండి. వీపు దాదాపు చదునుగా వస్తుంది. దానికి గుడ్డ వదులుగా ఉండాలి, పొడవు కనీసం పది పదకొండు అడుగులుండాలి.

స్టోవర్ క్రీక్ దగ్గర జాగా ఎంచుకునేటప్పుడు ముందు పైకి చూడండి. అక్కడ వాగు పొడుగునా పెద్ద పెద్ద హెమ్‌లాక్ చెట్లు. తూర్పు ఆసియా నుంచి వచ్చిన ఊలీ అడెల్జిడ్ అనే పేను లాంటి పురుగు పట్టి ఈ కొండల్లో చాలా హెమ్‌లాక్‌లు నిలువునా ఎండిపోయాయి. కొమ్మల అడుగున తెల్లటి దూది పింజల్లా కనిపిస్తుంది దాని గూడు. ఎండిన చెట్టుకి కట్టొద్దు, ఎండిన కొమ్మ కింద కట్టొద్దు. ఇందులో మాత్రం మొహమాటం వద్దు.

ఇక మీ ఆవిడకి చెప్పాల్సింది. ఇక్కడివి నల్ల ఎలుగులు. వాటి యావ అంతా తిండి మీదే. పులిహోర డబ్బా, బిస్కెట్లు, టూత్‌పేస్ట్, సన్‌స్క్రీన్, చివరికి చెత్త సంచి కూడా పడుకునే చోట ఉండకూడదు. షెల్టర్ దగ్గర కేబుల్ కట్టి ఉంటుంది, అన్నీ ఒక సంచిలో వేసి దాంతో పైకి లాగేయండి. వంట, తిండి పడుకునే చోటికి రెండు వందల అడుగుల దూరంలో. బ్లడ్ మౌంటెన్ వైపు వెళ్లేవాళ్లు మాత్రం విడిగా చూసుకోవాలి. అక్కడ జారర్డ్ గ్యాప్, నీల్స్ గ్యాప్ మధ్య వసంతకాలంలో రాత్రి ఉండాలంటే బేర్ కానిస్టర్, అంటే ఎలుగు తెరవలేని గట్టి తిండి డబ్బా తప్పనిసరి.

పులిహోర నిక్షేపంగా పట్టుకెళ్లండి. చింతపండు, నూనె ఉన్నాయి, సాయంత్రం దాకా ఏం కాదు. పెరుగన్నం వద్దు.

లెక్కల మాస్టారు:

బాబూ, నేను రాజమండ్రిలో ముప్ఫై ఏళ్లు ఫిజిక్స్ చెప్పి, ప్రస్తుతం మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. హ్యామక్ ఎక్కిన వాణ్ణి కాదు. కానీ "బట్టలారేసే తీగలా బిగించాను" అన్నది చదివి ఊరుకోలేకపోయాను.

తాడు అడ్డంగా బిగుసుకున్నకొద్దీ అందులో లాగుడు పెరుగుతుంది. నేలకి సమాంతరంగా ఉన్న గీతతో తాడు ముప్ఫై డిగ్రీల కోణంలో ఉంటే ఒక్కో తాడు మీద మీ బరువంత, అంటే 84 కిలోల లాగుడు. పదిహేను డిగ్రీలైతే 162. పది డిగ్రీలైతే 242. మీరు బిగించిన తీరు చూస్తే ఆ రాత్రి మీ డెక్ స్తంభాన్ని దాదాపు 240 కిలోల బరువు పక్కకి లాగి ఉంటుంది. డెక్ స్తంభాలని పైనుంచి పడే బరువు మోయడానికి నిలబెడతారు, పక్కకి లాగడానికి కాదు. మళ్లీ దానికి కట్టొద్దు. ముందు స్తంభం అడుగున ఏమన్నా కదిలిందేమో చూడండి.

కోణం కొలవడానికి పరికరం అక్కర్లేదు. పిల్లలు తుపాకీ అని ఆడతారే, అలా చూపుడు వేలు నేలకి సమాంతరంగా చాపి, బొటనవేలు నిటారుగా పెట్టండి. బొటనవేలి కొన నుంచి చూపుడు వేలి కొనకి ఉండే వాలు ముప్ఫైకి దగ్గరగా ఉంటుంది. తాడు ఆ వాలులో ఉండాలి. ఎక్కాక కూర్చుంటే కుర్చీ ఎత్తులో, సుమారు పద్దెనిమిది అంగుళాలు ఉంటే చాలు. పడినా అంతే ఎత్తు.

నల్లమల నడక:

అన్నా, మాది అచ్చంపేట, ఇప్పుడు షార్లట్‌లో ఉంటున్నా. మా దిక్కు అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో చెట్టుకు ఉయ్యాల కట్టి పడుకుంటానంటే ఫారెస్టు వాళ్లు ఊరుకోరు. ఇక్కడ ఆ అదృష్టముంది, వాడుకోండి. జార్జియాలో ట్రెయిల్ మీద రాత్రి ఉండడానికి పర్మిట్ అక్కర్లేదు. వర్జీనియాలో షెనండోవా పార్క్‌లో అయితే కావాలి.

నాకు జరిగింది చెప్తా. పోయిన ఏడు టార్ప్ మంచిగా కట్టిన, వాన మీద పడలేదు. కానీ పొద్దున్నే కాళ్ల దగ్గర స్లీపింగ్ బ్యాగ్ తడిసి ముద్ద. ఎట్లా అంటే, చెట్టు బెరడు మీద నుంచి కారిన నీళ్లు స్ట్రాప్ (హ్యామక్‌ని చెట్టుకు కట్టే పట్టీ) పట్టుకుని నడుచుకుంటూ వచ్చి నా కాళ్లలోకి దిగినయి. టార్ప్ కిందికొచ్చిన చోట స్ట్రాప్‌కి ఒక చిన్న దారం కట్టి కిందికి వేలాడదీస్తే నీళ్లు ఆ దారం వెంబడి కిందికి పోతాయి. షూ లేసు అయినా చాలు. రెండు కొసలకీ కట్టాలె.

ఇంకోటి, స్ట్రాప్ కనీసం అంగుళం వెడల్పుండాలె. సన్నటి తాడైతే చెట్టు బెరడు కోసుకుపోతది. చెట్లు పన్నెండు పదిహేను అడుగుల ఎడంలో ఉంటే సరిపోతాయి. చేరంగానే మొదట టార్ప్, తర్వాతే హ్యామక్.

కమ్మింగ్ రైతుబిడ్డ:

వెళ్లొచ్చాం. ఆలస్యంగా రాస్తున్నాను, కారణం చివర్లో చెప్తాను.

మాస్టారూ, డెక్ స్తంభం అడుగున బోల్టు దగ్గర వేలు పట్టేంత సందు వచ్చింది. మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.

శనివారం తొమ్మిదికి బయల్దేరి డాలోనెగాలో పెట్రోలు పోయించి, ఆ కంకర రోడ్డు మీద కారుని ఎద్దుబండిలా నడుపుకుంటూ పదకొండున్నరకి చేరాం. శిఖరం మీద రాతికి కంచు పలక ఉంది. దాని పక్కనే మొదటి తెల్ల గీత, రెండంగుళాల వెడల్పు, ఆరంగుళాల పొడవు. అక్కణ్ణుంచి మెయిన్ రాష్ట్రంలోని కటాడిన్ దాకా 2,190 మైళ్ల పైచిలుకు ఆ గీతలే దారి చూపిస్తాయట. రాతిలో బిగించిన పెట్టెలో రిజిస్టర్ ఉంటే మావాడు పేరు రాసి, కింద తెలుగులో "నానమ్మ" అని రాశాడు. వాడికి రాయడం వచ్చిన తెలుగు మాట అదొక్కటే. మా అమ్మ నేర్పింది, అదీ ముందు తన పేరే నేర్పుకుంది.

స్టోవర్ క్రీక్ చేరేసరికి మూడున్నర. షెల్టర్ నుంచి కొంచెం ఎడంగా, నీటికి దూరంగా రెండు బతికున్న చెట్ల జంటలు వెతకడానికే అరగంట పట్టింది. మొదట నచ్చిన చోట తల ఎత్తి చూస్తే పైన ఎండు హెమ్‌లాక్ వంగి ఉంది. రోడో గారూ, మీరు చెప్పకపోతే నేను అక్కడే కట్టేవాణ్ణి, ఎందుకంటే అక్కణ్ణుంచి వ్యూ బాగుంది.

టార్ప్‌లు కట్టడం అయిందో లేదో ఐదింటికి ఉరిమింది. ఇద్దరం నా టార్ప్ కింద కుర్చీలో కూర్చున్నట్టు హ్యామక్‌లో పక్కపక్కనే కూర్చుని వాన చూశాం. నా స్ట్రాప్‌కి షూ లేసు కట్టాను. చెట్టు దగ్గర స్ట్రాప్ నల్లగా తడిసింది. ఆ తడి నెమ్మదిగా ముందుకి పాకుతూ వచ్చింది, ఇంకో మూడు వేళ్లు జరిగితే హ్యామకే. సరిగ్గా లేసు దగ్గర ఆగి, ముడి మీద ఒక బొట్టు ఉబ్బి, లేసు వెంబడి జారి కింద పడింది. వెనకే ఇంకోటి. మావాడు వాటిని వందదాకా లెక్కపెట్టాడు. అప్పుడు గుర్తొచ్చింది, వాడి హ్యామక్‌కి ఒక కొసకే కట్టానని! పరుగెత్తేసరికి కాళ్లవైపు జానెడు మేర తడిసింది. పర్లేదు, వాడు పొట్టి.

వాన తగ్గాక షెల్టర్‌లో పులిహోర. అక్కడ ఒక పెద్దవయసు అమెరికన్ జంట ఎండబెట్టిన నూడుల్స్ నానబెట్టుకుని తింటున్నారు. పెట్టకుండా ఎలా తింటాం? ఆయన పల్లీలతో పాటు ఎండుమిరపకాయ కూడా కరకర నమిలేశాడు. నేను చెయ్యి అడ్డం పెట్టేలోపే అయిపోయింది. నీళ్లు తాగి, కళ్లు తుడుచుకుని, ఇంకొంచెం పెట్టమన్నాడు. మిగిలిన డబ్బా, పేస్టు, అన్నీ సంచిలో వేసి కేబుల్‌కి ఎత్తేశాం.

చీకటి పడ్డాక మిణుగురులు వచ్చాయి. ఎంత చెప్పినా తక్కువే, వాటి గురించి వదిలేస్తాను.

ఇక అసలు సంగతి. వంకరగా పడుకోవడం అద్భుతం. నడుం నొప్పి మనిషిని, ఇంటి పరుపు మీద కన్నా హాయిగా ఉంది. అండర్‌క్విల్ట్ ధర చూసి వెనక్కి తగ్గి ఫోమ్ మ్యాట్‌తోనే వెళ్లాను కదా, రెండింటికల్లా అది జారిపోయి నా పక్కన గోడలా నిలబడింది. వీపు మళ్లీ అదే మంచుగడ్డ. చివరికి మ్యాట్‌ని జాకెట్‌లోకి దూర్చి జిప్ వేసుకున్నాను. తాబేలులా ఉన్నాను గానీ జారలేదు. మావాడికి మ్యాట్‌ని స్లీపింగ్ బ్యాగ్ లోపలే పెట్టాను, వాడు తెల్లారేదాకా కదల్లేదు.

అలా మెలకువగా ఉన్నప్పుడు వినిపించింది, టప్... టప్. కాసేపు ఆగి మళ్లీ టప్. ఎవరో మెత్తగా అడుగులు వేస్తున్నట్టు. లైటు వెయ్యాలంటే భయం, వెయ్యకపోతే ఇంకా భయం. మావాణ్ణి పిలుద్దామంటే పరువు. దాదాపు గంట ఊపిరి బిగబట్టి విన్నాను. పొద్దున లేచి చూస్తే టార్ప్ నిండా తెల్లటి పూలు, తడికి అతుక్కుని. పైన రోడోడెండ్రాన్ కొమ్మ ఉంది, రాత్రంతా రాలాయి. అదీ నా ఎలుగుబంటి.

ఆదివారం పొద్దున్న త్రీ ఫోర్క్స్ దాకా మైలున్నర నడిచాం. మూడు వాగులు కలిసే చోటు, పైన చెక్క వంతెన. మా అమ్మకి ఫొటో చూపిస్తే త్రివేణి సంగమం అని దణ్ణం పెట్టుకుంది. అక్కణ్ణుంచి ఇంకో మైలు లోపే లాంగ్ క్రీక్ జలపాతం ఉంది కానీ మావాడికి మడమ దగ్గర బొబ్బ లేచింది, వెనక్కి తిరిగేశాం.

ఆలస్యానికి కారణం: ఇంటికొచ్చి స్నానం చేయిస్తుంటే వాడి మోకాలి వెనక టిక్ కనిపించింది. మన ఊళ్లో గేదెలకి పట్టే పిడుదు లాంటిదే, ఇంకా చిన్నది, నువ్వుగింజంత. ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా పైకి లాగేశాను, సబ్బుతో కడిగాను. దాన్ని టేపుకి అంటించి తేదీ వేసి ఉంచాం. డాక్టర్‌కి ఫోన్ చేస్తే దద్దురు, జ్వరం వస్తాయేమో కొన్ని వారాలు కనిపెట్టి ఉండమన్నారు. ఇప్పటిదాకా ఏమీ లేదు. ఎలుగుబంటి గురించి అంత టెన్షన్ పడ్డ మేము దీని గురించి ఒక్కరమూ అడగలేదు చూడండి. ఈసారి బట్టలకి పెర్మెత్రిన్ అనే పురుగుమందు కొట్టి, ప్యాంటు సాక్సులోకి దోపుకునే వెళ్తాం.

ఒక ప్రశ్న మిగిలింది. నా తాబేలు కథ విన్న దగ్గర్నుంచి మా అమ్మ ఆ అండర్‌క్విల్ట్ ఏదో తనే కుడతానంటోంది. కుదిరే పనేనా?

రోడో పూలు:

కుదురుతుంది. ఇక్కడ చాలామంది ఇంట్లోనే కుట్టుకుంటారు. బొంతకీ దీనికీ ఒక్కటే తేడా, అది మాత్రం అమ్మగారికి గట్టిగా చెప్పాలి. బొంతకి అడుగడుగునా కుట్టు వేస్తేనే అందం. దీనికి మధ్యలో ఒక్క కుట్టు కూడా పడకూడదు. కుట్టు పడ్డ చోట దళసరి నలిగి, అక్కణ్ణుంచే చలి వస్తుంది. పైన, కింద పలచటి నైలాన్ గుడ్డ, మధ్యలో దుప్పటిలా ఒకే పొరగా దొరికే సింథటిక్ ఇన్సులేషన్ పెట్టి చుట్టూ అంచులు మాత్రం కుట్టాలి. చదరపు గజానికి 3.6 ఔన్సుల రకం తీసుకుంటే మీ వేసవికీ, అక్టోబరుకీ సరిపోతుంది. రెండు కొసల్లో ఎలాస్టిక్ తాడు దూర్చే గొట్టం. కట్టినప్పుడు హ్యామక్ అడుగుకి ఆనీ ఆననట్టుండాలి. సందుంటే గాలి దూరుతుంది, బిగిస్తే నలుగుతుంది. అమ్మగారికి మిషన్ ఉందా?

కమ్మింగ్ రైతుబిడ్డ:

లేదండీ. చేత్తోనే కుడుతుందట. మధ్యలో కుట్లు వద్దన్నారని చెప్తే, "అది బొంత ఎలా అవుతుందిరా, దిండు గలీబు అవుతుంది గానీ" అంటోంది. ఒప్పించే పని నాది, మీరు కొలతలు పెట్టండి. రెండు కుట్టాలట. మావాడికి ఒకటి కావాలి కదా మరి అంటోంది.